డిస్ట్రాయర్లకు వారసులను ఇప్పుడే ఆర్డర్ చేయాలి

సంపాదకులకు నమస్కారం.

విశాఖలో 2021 మే 21 సాయంత్రం ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే డిస్ట్రాయర్ (పెద్ద యుద్ధనౌక) మీద జెండా దించి, దాన్ని నేవీ సేవల నుంచి తప్పించారు. ఆ తరగతి (ఒకే నమూనాలో కట్టిన) ఓడల రీఫిట్ (భారీ మరమ్మతు) పనుల్లో ఫిట్టర్‌గా చాలా ఏళ్ళు చేసినవాణ్ణి. ఆ రోజు బాధపడ్డాను, ఇక దానికి విశ్రాంతి దొరికిందని ఊరట కూడా కలిగింది. 1980 మేలో, అప్పటి సోవియట్ యూనియన్‌లోని ‘పోటి’ అనే రేవులో మన నేవీలో చేరిన ఓడ అది. బ్రహ్మోస్ క్షిపణిని మొట్టమొదట మోసింది అదే. 41 ఏళ్ళు పనిచేసింది.

అన్నేళ్ళు నడపడం గొప్పే. కానీ లోపల ఏం జరుగుతుందో చెప్పాలి. పైన పెయింట్ మెరుస్తూనే ఉంటుంది. అడుగున నీళ్ళు నిలిచే చోట ప్లేటు పలచబడిపోతుంది. మందం కొలిచి, మరీ తగ్గినచోట కోసి కొత్త ప్లేటు వెల్డింగ్ చేస్తాం. అది తేలిక. పైపులు, కేబుళ్ళతోనే అసలు టెన్షన్. ఒక పైపు ముక్క మార్చాలంటే దానికి అడ్డున్న సామానంతా విప్పాలి. ఇక స్పేర్లు. రాజ్‌పుత్‌ను కట్టిందీ, దాని గ్యాస్ టర్బైన్లు తయారైందీ నేటి యుక్రెయిన్‌లోని మికొలాయివ్‌లో. మన కొత్త ఐఎన్ఎస్ విశాఖపట్నం టర్బైన్లు కూడా అక్కడివే. ఆ దేశంలో ఇప్పుడేం జరుగుతోందో అందరికీ తెలుసు.

అమెరికా కూడా పాత ఆర్లీ బర్క్ డిస్ట్రాయర్లను 35 ఏళ్ళ తర్వాతా నడపబోతోంది కదా అని కొందరు అంటారు. నిజమే. అయితే ఏ ఓడ ఎన్నేళ్ళు ఆగుతుందో విడివిడిగా చూసి నిర్ణయించారు. పైగా అక్కడ కొత్తవి కట్టడం ఆగలేదు.

మన లెక్క చూడండి. విశాఖపట్నం తరగతికి ఒప్పందం 2011 జనవరిలో జరిగితే, మొదటి ఓడ 2021 నవంబరులో చేరింది. దాదాపు పదకొండేళ్ళు. 1997లో చేరిన ఐఎన్ఎస్ ఢిల్లీకి 2037లో నలభై నిండుతాయి. అప్పటికి వారసురాలు చేరాలంటే, అందులోంచి కట్టడానికి పట్టే పదకొండేళ్ళు తీసేస్తే, ఒప్పందం జరగాల్సిన ఏడాది 2026. దాని వెనకే అదే తరగతి ఓడలు మైసూర్, ముంబై ఉన్నాయి. తర్వాతి తరం డిస్ట్రాయర్ల మాట ఏళ్ళుగా వింటున్నాం, ఆర్డర్ మాత్రం కాగితం మీదికి రావాలి. తూర్పు నౌకాదళ కేంద్రం మన ఊళ్ళోనే ఉంది కాబట్టి, ఒప్పందం ఎప్పుడు చేస్తారో తేదీతో సహా చెప్పమని మన ఎంపీలు పార్లమెంటులో రక్షణ మంత్రిని అడగాలని కోరుతున్నాను.

— ఒక రిటైర్డ్ డాక్‌యార్డ్ కార్మికుడు,
మల్కాపురం, విశాఖపట్నం