మీ బామ్మర్ది అమీర్‌పేటలో డబ్బు కట్టే ముందు

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. ఈ వారమంతా రాత్రి షిఫ్టు, పగలు నిద్రపట్టదు, రాత్రి నిద్ర ఆగదు, అందుకే జవాబు లేటు, తిట్టుకోకు. ఇప్పుడు టైం రెండున్నర. స్క్రీన్ మీద అలర్టులు కూడా నాలాగే కునికిపాట్లు పడుతున్నాయి కాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

మీ బామ్మర్ది బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చేసి, గవర్నమెంట్ సైబర్ సెక్యూరిటీలోకి వెళ్తానని అమీర్‌పేటలో లక్షన్నర కోర్సుకి కడతానంటున్నాడన్నావు. అసలు ఇందులో ఉన్నవాళ్లంతా ఏం చదివి వచ్చారురా అని అడిగావు. ఈ గవర్నమెంట్ సైబర్ సెక్యూరిటీ పనిలో చేరిన మొదటి నెలలో ఈ ప్రశ్న నాకూ వచ్చింది. నేనేమో అందరూ ఐఐటీలో చదివి, చీకటి గదిలో నల్ల స్క్రీన్ మీద పచ్చ అక్షరాలు కొట్టేవాళ్లు ఉంటారనుకుని వచ్చా. తీరా చూస్తే నా పక్క కుర్చీలో ఒక రిటైర్డ్ సుబేదార్ గారు మరచెంబులో టీ తెచ్చుకుని కూర్చుని ఉన్నారు.

ఆయన ఇరవై ఏళ్లకు పైగా ఆర్మీ సిగ్నల్స్‌లో చేశారు. కొండల మీద రేడియో సెట్లు, ఎక్స్ఛేంజీలు, కేబుళ్లు. ఏదో అదృష్టం కొద్దీ ఇటొచ్చారనుకోకు, సిగ్నల్స్ నుంచి ఇటు రావడం మన దేశంలో పాత దారే. పైన చూడు, జాతీయ సైబర్ సెక్యూరిటీ కోఆర్డినేటర్ అని ఒక పోస్టు ఉంది కదా, అందులోకి 2015లో మొదట వచ్చిన గుల్షన్ రాయ్ గారు అంతకుముందు సెర్ట్-ఇన్‌కి, అంటే దేశంలో సైబర్ దాడుల రిపోర్టులు చూసే కేంద్ర సంస్థకి, డైరెక్టర్ జనరల్. ఆయన తర్వాత 2019లో వచ్చిన రాజేశ్ పంత్, 2023లో వచ్చిన ఎం.యు. నాయర్ ఇద్దరూ లెఫ్టినెంట్ జనరళ్లు, ఇద్దరూ సిగ్నల్స్ వాళ్లే. శత్రువు వింటున్నాడనే అనుమానంతోనే ఫోన్ ఎత్తడం వాళ్లకి అలవాటు. మా సుబేదార్ గారు ఇప్పటికీ వాట్సాప్‌లో వచ్చిన పెళ్లి పత్రిక కూడా వెంటనే తెరవరు, పంపినవాళ్లకి ఫోన్ చేసి అడిగాకే తెరుస్తారు.

ఈ ఆర్మీ వాళ్లు ఒక రకం. రెండో రకం ఎన్ఐసీ, అంటే నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ వాళ్లు, గవర్నమెంట్ ఆఫీసుల కంప్యూటర్ల పని చూసేవాళ్లు. 1976లో మొదలైన సంస్థ, ప్రతి జిల్లాలో వాళ్ల ఆఫీసు ఉంటుంది, నువ్వు కలెక్టరేట్‌లో చూసే ఉంటావు. సైంటిస్ట్-బి అంటే గేట్ పరీక్ష స్కోరుతో తీసుకుంటారు, బేసిక్ 56,100 నుంచి మొదలు. పేరు సైంటిస్ట్ గానీ జిల్లాలో సర్వర్ పడిపోయినా ఆయన్నే పిలుస్తారు, వెబ్‌సైట్ హ్యాక్ అయినా ఆయన్నే పిలుస్తారు, కలెక్టర్ గారి వీడియో కాన్ఫరెన్స్‌లో సౌండ్ రాకపోయినా ఆయన్నే. వాళ్లలో చాలామంది ప్రోగ్రామింగ్ చేస్తూ చేస్తూ, ఒక దెబ్బ తగిలాక సెక్యూరిటీ నేర్చుకున్నవాళ్లు. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ మీద రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పడి రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాసుకున్నారు కదా, తర్వాత పార్లమెంటులో చెప్పింది ఐదు సర్వర్లు, సుమారు 1.3 టెరాబైట్ల డేటా అని. నెట్‌వర్క్‌ని సరిగ్గా విడగొట్టకపోవడం ఒక కారణమన్నారు. చూశావా, పెద్ద మాయాజాలం ఏం లేదు, గదికీ గదికీ మధ్య తలుపులు లేని ఇల్లు.

మూడో రకం డిపార్ట్‌మెంట్లలో సీఐఎస్ఓ అనే, సమాచార భద్రత చూసే ఆఫీసర్లు. వీళ్ల గురించి ఎక్కువ రాయను. చాలాచోట్ల అది అడిషనల్ చార్జి, వీళ్లకి నేర్పడానికే 2018లో సైబర్ సురక్షిత్ భారత్ అని ట్రైనింగ్ పెట్టారు. కొందరు నిజంగా నేర్చుకుంటారు. కొందరికి సర్టిఫికెట్ గోడ మీదకి బాగుంటుంది.

ఇక మాలాంటి వాళ్లం, అవుట్‌సోర్సింగ్. బయట బోర్డు గవర్నమెంటుది, లోపల ఐడీ కార్డు ఏజెన్సీది. ఎల్1 అంటే మొదటి మెట్టు వాడు అలర్ట్ చూసి టికెట్, అంటే ఫిర్యాదు చీటీ లాంటిది రాస్తాడు, పై మెట్టు ఎల్2 వాడు అది నిజమో కాదో తేలుస్తాడు. మా ఏజెన్సీ ఒకసారి రెండు నెలలు జీతం ఆపింది, ఆ పేరు ఇక్కడెందుకులే. మీ బామ్మర్దికి ఈ ముక్క ముందే చెప్పు, గవర్నమెంట్ ఉద్యోగం అని పెళ్లిచూపుల్లో చెప్పుకునే రకం కాదిది.

ఇప్పుడు నేను అసలు రాయాలనుకున్నది. మా టీంలో ఒకాయన ఖజానా ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌గా చేసి, సాయంత్రాలు ఎంసీఏ చదివి ఇటొచ్చాడు. పోయిన సంక్రాంతి సెలవుల్లో తెల్లవారుజామున మూడు పదికి ఒక లాగిన్ పడింది. పాస్‌వర్డ్ కరెక్టే, ఒక్కసారికే లోపలికి వెళ్లింది, కాబట్టి సిస్టం దాన్ని ఎర్రగా చూపించలేదు. నేను దాటేశా. ఆయన ఆగి, "ఈ పేరు పింఛను బిల్లులో చూసినట్టుందే" అన్నాడు. నిజంగానే ఆ ఉద్యోగి రిటైరై ఏడాది దాటింది, అకౌంట్ మాత్రం ఎవరూ మూయలేదు! ఆ రాత్రి మాకు టీ కూడా దిగలేదు. నా దగ్గర మూడు సర్టిఫికెట్లు ఉన్నాయిరా, ఆయన దగ్గర ఒక్కటి కూడా లేదు.

ఇది మన దగ్గరే కాదు. 1986లో అమెరికాలో ప్రభుత్వ డబ్బుతో నడిచే లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో క్లిఫర్డ్ స్టోల్ అని ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. గ్రాంటు అయిపోయి ఆయన్ని కంప్యూటర్ సెంటర్‌లోకి మార్చారు. కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్లు తేడా వచ్చింది, చూడమన్నారు. ముప్పావు డాలర్! ఇంకొకడైతే జేబులోంచి వేసి మూసేసేవాడు. ఆయన దాన్ని పట్టుకుని నెలల తరబడి వెంటపడితే తీగ వెళ్లి పశ్చిమ జర్మనీలో, సోవియట్ కేజీబీకి సమాచారం అమ్ముకునే హ్యాకర్ దగ్గర తేలింది. నక్షత్రాల మనిషికి తేడా కనిపిస్తే వదలకూడదనే అలవాటు ముందే ఉంది.

పోలీసుల సంగతి మర్చిపోయా. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్రలో కొన్ని పోలీస్ స్టేషన్ల కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి, గుర్తుందా? ఇప్పుడు వాళ్లలోంచే మనుషుల్ని తీస్తున్నారు. ఐదేళ్లలో ఐదువేల మంది సైబర్ కమాండోలని తయారు చేస్తామని 2024లో కేంద్రం ప్రకటించింది. నాకు తెలిసిన ఒక హెడ్ కానిస్టేబుల్ స్టేషన్ రైటర్‌గా చేసి ఇటొచ్చాడు. సెర్ట్-ఇన్ 2022 రూల్ ప్రకారం సంఘటన తెలిసిన ఆరు గంటల్లో రిపోర్ట్ పంపాలి. ఆ టెన్షన్‌లో మా బీటెక్ పిల్లలు ఒక్క వాక్యం కుదురుగా రాయలేరు, ఆయనైతే పంచనామా రాసినట్టు ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం పోయింది అని అరపేజీలో తేల్చేస్తాడు.

కాబట్టి మీవాణ్ణి లక్షన్నర కట్టొద్దను. ముందు ఏదైనా చిన్న ఆఫీసులో ఒక ఏడాది నెట్‌వర్క్ పని చెయ్యమను, కేబుల్ లాగమను, బ్యాకప్ తీసి అది మళ్లీ తెరుచుకుంటుందో లేదో చూడమను. లైనక్స్ ఉచితమే, పాత ల్యాప్‌టాప్ చాలు. పర్మనెంట్ పోస్టే కావాలంటే ఎన్ఐసీ, సీ-డాక్ (కేంద్రం వాళ్ల కంప్యూటర్ పరిశోధన సంస్థ) నోటిఫికేషన్లు చూస్తుండమను, బీఎస్సీతో ఏ పోస్టుకి అర్హత ఉందో ముందే చదువుకోమను, ఇన్‌స్టిట్యూట్ వాడి మాట నమ్మి కాదు. మీ బామ్మర్దికి నా నంబర్ ఇవ్వు. రాత్రి రెండు తర్వాత చెయ్యమను, అప్పుడైతే ఖాళీగా ఉంటా. ఆ టైంకి లేచి చెయ్యగలిగితే షిఫ్టుకి సగం పనికొచ్చినట్టే.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. పోయినసారి పంపిన మాగాయ సుబేదార్ గారే సగం ఖాళీ చేశారు, ఈసారి రెండు సీసాలు పంపమను.

ఏదో అలర్ట్ మోగుతోంది, ఉంటా.

నీ
రాంబాబు