ఎన్నికల ఆర్డర్లు, వరద సహాయం: మా ప్రెస్సు తీసుకున్న నిర్ణయాలు

మాతో అచ్చు పని చేయించుకునే అందరికీ నమస్కారం.

పోయిన సోమవారం ఉదయం ఒక అభ్యర్థి కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. అప్పటికి వాళ్ల కరపత్రాలు సగం అచ్చయ్యాయి. మిగతా సగానికి కాగితం కోసి మిషను పక్కన పేర్చి ఉంచాం. "పని ఆపండి. ప్రచారానికి పోగుచేసిన డబ్బు వరద బాధితులకు ఇచ్చేద్దామనుకున్నాం. మీ దగ్గరున్న అడ్వాన్సు కూడా వెనక్కి కావాలి" అన్నారు. వెంటనే మిషను ఆపించాను. సాయంత్రంలోగా ఇంకో ఇద్దరు ఫోను చేశారు. ఒకరిదీ అదే మాట. రెండోవారు మాత్రం సహాయ సామగ్రి పంచడానికి సంచులు కావాలన్నారు, రెండువైపులా అభ్యర్థి బొమ్మతో.

ఈలోగా మీ సందేశాలు వచ్చాయి. ఇళ్లు మునిగి జనం అల్లాడుతుంటే ఇంకా ఫ్లెక్సీలు కొడుతున్నారా అని కొందరు కోపంగానే అడిగారు. పార్టీల డబ్బంతా బాధితులకే ఇవ్వాలి, అప్పటిదాకా వాళ్ల పని ముట్టుకోకండి అని ఇంకొందరు రాశారు. మా దగ్గర పనిచేసేవాళ్లతో కూర్చుని మాట్లాడాను. మూడు రోజులు ఆలోచించాను. ఏం నిర్ణయించామో, ఎందుకు నిర్ణయించామో మీకు చెప్పడం నా బాధ్యత.

ముందు మా సంగతి దాచకుండా చెబుతాను. ఎన్నికల సీజను మాకు పంట చేతికొచ్చే కాలం. పెళ్లిపత్రికలు, బిల్లు పుస్తకాలు, సర్టిఫికెట్ల పని ఏడాది పొడవునా మిషను తిరిగేలా చేస్తుంది, అంతవరకే. కొత్త ఆఫ్‌సెట్ మిషను వాయిదాలు కట్టగలిగేది, పని లేని నెలల్లో జీతాలు ఆపకుండా ఇవ్వగలిగేది ఈ సీజను వల్లనే. ప్రచార ఖర్చంతా వృథా అని ఎవరైనా అన్నప్పుడు నాకు కష్టంగా ఉంటుంది. ఆ డబ్బులో కొంత కరపత్రాలు మడతపెట్టే ఆడవాళ్ల కూలిగా, రాత్రంతా పోస్టర్లు అంటించే కుర్రాళ్ల కూలిగా, ఆటోవాళ్ల కిరాయిగా మారుతుంది. ఈ సీజనులో వాళ్లకు పని లేకపోతే వాళ్ల ఇళ్లలోనూ ఇబ్బందే. కాబట్టి ఈ విషయంలో నేను తటస్థుణ్ణి కాను. నా లాభనష్టాలు ఇందులో ఉన్నాయని తెలుసుకునే మీరు ఇది చదవాలి.

అయినా ప్రచార నిధిని సహాయానికి ఇవ్వవచ్చా అంటే ఇవ్వవచ్చనే నా అభిప్రాయం. అయితే ఆ డబ్బు ఇచ్చిన వాళ్లను అడిగి ఇవ్వాలి. ఇచ్చాక దాని మీద తమ పేరు వేసుకోకూడదు. ఈ రెండూ లేకపోతే అది కూడా ప్రచారమే అవుతుంది.

అడగడం ఎందుకంటారా? మా పాత కస్టమరు ఒకాయన ఉన్నారు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. పింఛనులో కొంత మిగిల్చి తనకు నచ్చిన అభ్యర్థికి నెలనెలా పంపేవారు. ఆ అభ్యర్థి నిధిని వరద సహాయానికి మళ్లించాడని పత్రికలో చూసి మా దగ్గరకు వచ్చారు. "వరదకు నేను ఇచ్చింది వేరే ఉంది. ఇది అతను చెప్పే మాట నలుగురికీ చేరాలని ఇచ్చింది. అడిగి ఉంటే కాదనేవాణ్ణి కాదు. అడగలేదు" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, నొచ్చుకున్నట్టు ఉంది. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. విరాళం చెయ్యి మారగానే ఆ అభ్యర్థి సొంత డబ్బయిపోదు. ఒక పని కోసం నమ్మి చేతిలో పెట్టిన డబ్బు అది.

చట్టాలు కూడా ఈ రెండు రకాల ఇవ్వడాలనూ వేరుగానే చూస్తాయి. భారతదేశంలో కంపెనీలు రాజకీయ పార్టీకి ఇచ్చే విరాళం సామాజిక బాధ్యత ఖర్చు కింద లెక్కకు రాదు. విపత్తు సహాయానికి ఇచ్చేది వస్తుంది. పార్టీల కోసం విరాళాలు పోగుచేసే ఎలక్టోరల్ ట్రస్టులు ఏడాదిలో తమకు వచ్చినదానిలో కనీసం 95 శాతం పార్టీలకే పంచాలి. ఊరు మునిగిందని ఆ డబ్బును తమంతట తాము వేరే దారి పట్టించే వీలు వాటికి లేదు. అమెరికాలో నిబంధన కొంత సడలింపుగా ఉంటుంది. అభ్యర్థి ప్రచార నిధిని గుర్తింపు పొందిన ధర్మ సంస్థలకు ఇవ్వడానికి అక్కడి సమాఖ్య చట్టం ఒప్పుకుంటుంది, సొంతానికి వాడుకోవడాన్ని మాత్రం నిషేధిస్తుంది.

ఆ దేశంలోనే నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటి కనిపించింది. 2020 మార్చిలో కరోనా విరుచుకుపడినప్పుడు, అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడుతున్న బెర్నీ శాండర్స్ బృందం తన నిధిలోంచి తీసి ఇవ్వకుండా మద్దతుదారులనే అడిగింది. ఈసారి మాకు కాదు, ఈ సహాయ సంస్థలకు పంపండి అని కోరింది. రెండు రోజుల్లో 20 లక్షల డాలర్లకు పైగా పోగయ్యాయి. ఎవరి డబ్బో వాళ్లే నిర్ణయించుకున్నారు. మా ఉపాధ్యాయుడికి కావలసింది కూడా అంతే.

పార్టీల డబ్బు ప్రజల పన్నులోంచే వచ్చిన చోట లెక్క మారుతుంది. 2017 సెప్టెంబరులో మెక్సికోను రెండు భూకంపాలు కుదిపేశాయి. 7వ తేదీన 8.2 తీవ్రతతో ఒకటి, 19న 7.1 తీవ్రతతో ఇంకొకటి. రెండోది 1985 నాటి మహా భూకంపం వచ్చిన తేదీనే వచ్చింది, మూడు వందలమందికి పైగా చనిపోయారు. మరుసటి జులైలోనే అధ్యక్ష ఎన్నికలు. అక్కడ పార్టీల ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వ ఖజానా భరిస్తుంది. ఆ డబ్బు బాధితులకు ఇవ్వాలని పది లక్షలమందికి పైగా సంతకాలు చేశారు. అడిగినవాళ్లే ఆ డబ్బు ఇచ్చినవాళ్లు, కాబట్టి వాళ్ల కోరికలో న్యాయం ఉంది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పార్టీలు ఆ డబ్బును నేరుగా బాధితులకు పంచడానికి నిబంధనలు ఒప్పుకోలేదు. తమ వాటా వదులుకుంటే అది ఖజానాకు తిరిగి వెళ్తుంది, అక్కడి నుంచి ప్రభుత్వం ఖర్చు చేస్తుంది. అప్పటి అధికార పార్టీ పీఆర్ఐ ఆ పద్ధతిలోనే 25.8 కోట్ల పెసోలు వదులుకుంటున్నట్టు ప్రకటించింది.

మొరేనా పార్టీ వాళ్లు వేరే దారి పట్టారు. బాధితుల కోసం ఒక ట్రస్టు పెట్టి విరాళాలు సేకరించారు. 2018 జులైలో అక్కడి జాతీయ ఎన్నికల సంస్థ ఆ ట్రస్టు వ్యవహారంలో పార్టీకి 19.7 కోట్ల పెసోల జరిమానా వేసింది. ఆగస్టులో ఎన్నికల ట్రిబ్యునల్ ఆ జరిమానాను కొట్టివేసింది. ఇందులో ఎవరిది తప్పని నేను తీర్పు చెప్పడం లేదు. ఇల్లు కూలినవాడి కోసం పోగుచేసిన సొమ్ము గురించి ఏడాది తర్వాత కూడా వాదనలు నడవడం ఒక్కటే నన్ను బాధిస్తుంది. సహాయం పంచే చెయ్యి పార్టీది కాకుండా ఉండి ఉంటే ఆ వాదనకు చోటే ఉండేది కాదు.

అందుకే అడ్వాన్సుల విషయంలో ఒక పని చేయనని చెప్పాను. మొన్న ఫోను చేసినవారిలో ఒకరు తర్వాత, "డబ్బు మాకు తిప్పి పంపడమెందుకు, మీరే నేరుగా సహాయ నిధికి కట్టేసి రసీదు పంపండి" అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు. కానీ అలా చేస్తే మా పుస్తకాల్లో అది కరపత్రాల ఖర్చుగా ఉంటుంది, నిధి పుస్తకాల్లో నా విరాళంగా ఉంటుంది, వాళ్ల ఎన్నికల లెక్కలో ఏ పేరుతో ఉంటుందో తెలియదు. ఒకే డబ్బుకు మూడు పేర్లు. అడ్వాన్సు ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే తిరిగి వెళ్తుంది. అక్కడి నుంచి ఎవరికి ఇస్తారో వాళ్లు నిర్ణయించుకుని వాళ్ల లెక్కలో చూపించుకోవాలి.

రద్దు చేసుకునేవాళ్లకు మా లెక్క ఇది. అచ్చుకు కావలసిన ప్లేట్లు (రేకులు) చేయని పనికి అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇస్తాం. ప్లేట్లు చేసి, కాగితం కోసి, ఇంకా అచ్చు వేయకపోతే ప్లేట్ల ఖర్చు, కాగితం ఖర్చు మాత్రం పట్టుకుంటాం, కూలి తీసుకోం. అచ్చయిపోయిన దానికి పూర్తి బిల్లు తప్పదు. దీనివల్ల మాకు నష్టం ఉంది, అది చిన్నదేమీ కాదు. మా వాళ్ల జీతాల్లో మాత్రం రూపాయి కోత పడదని అందరి ముందూ మాట ఇచ్చాను. మిషను వాయిదా ఒకటి ఆలస్యం కావచ్చు, ఆ విషయం అప్పు ఇచ్చినవాళ్లతో మాట్లాడుకుంటాను.

ఇక ప్రచార పని పూర్తిగా ఆపేయమన్నవారికి. ఆపను. వరద వచ్చిన ఏడాది ఎన్నికల్లోనే జనం వినవలసిన మాటలు, అడగవలసిన ప్రశ్నలు ఎక్కువ ఉంటాయని నా నమ్మకం. కరకట్ట ఎందుకు తెగింది? కాలువలో పూడిక ఎన్నేళ్లుగా తీయలేదు? హెచ్చరిక ఏ వేళకు వచ్చింది, ఏ వాడకు అసలు రాలేదు? ఇవన్నీ ఒక మామూలు రెండు పేజీల కరపత్రంలో రాసి ఇంటింటికీ పంచగలిగే ప్రశ్నలు. అందరూ ప్రచారం మానేస్తే ముందుగా మూగబోయేది డబ్బు లేని అభ్యర్థి. పేరు, పదవి ఉన్నవాడి ముఖం ఎలాగూ రోజూ టీవీలో కనిపిస్తుంది. పోయినవారం ఒక స్వతంత్ర అభ్యర్థి వచ్చి ఒకే రంగులో, చవక కాగితం మీద కరపత్రాలు వేయించుకున్నారు. అందులో తన ఫొటో కూడా లేదు, తమ వాడలో నీళ్లు ఏ ఇంటి దగ్గర ఎంత ఎత్తున నిలిచాయో మాత్రం వరుసగా రాశారు. ఆ పని ఆపడం వల్ల ఏ బాధితుడికి మేలు జరుగుతుందో నాకు అర్థం కాలేదు.

సంచుల ఆర్డరు మాత్రం వద్దన్నాను. ఇకమీదట కూడా సహాయ సామగ్రి సంచుల మీద, పెట్టెల మీద, స్టిక్కర్ల మీద ఏ అభ్యర్థి, ఏ పార్టీ, ఏ సంస్థ యజమాని బొమ్మ గానీ పేరు గానీ మేము అచ్చు వేయం.

దీనికి కారణం ఎప్పటినుంచో నా మనసులో ఉంది. కొన్నేళ్ల కిందట వచ్చిన వరదలో అలాంటి సంచులు మేమే వేశాం. రెండు రంగుల స్క్రీన్ ప్రింటింగ్. మొదటి రంగు ఆరితే గానీ రెండోది వేయకూడదు, లేకపోతే ముఖం చెదిరిపోతుంది. ముసురు పట్టిన రోజుల్లో సిరా అంత త్వరగా ఆరదు. తీగలు కట్టి సంచులు ఆరవేశాం, కింద ఫ్యాన్లు పెట్టాం. తెల్లవారాక తీసుకెళ్లి చూస్తే, శిబిరం బయట సరుకుల మూటలు అప్పటికే దించి ఉన్నాయి. జనం వరుసలో నిలబడి ఉన్నారు. పిల్లను చంకనేసుకున్న ఒకావిడ నన్ను చూసి, "ఇప్పుడిస్తారా?" అని అడిగింది. సరుకు ముందురోజు సాయంత్రమే వచ్చిందట. సంచులు రాలేదని పంచకుండా ఉంచారట. ఒక రాత్రంతా వాళ్లు ఎదురుచూసింది మా సిరా ఆరడం కోసం. ఆ బిల్లు నేను పూర్తిగా వసూలు చేసుకున్నాను. ఆ సంగతి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఇది మా ఒక్కరి అనుభవమే కాదు. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు స్వచ్ఛంద కార్యకర్తలు తెచ్చిన సామగ్రి మీద కూడా అప్పటి ముఖ్యమంత్రి జయలలిత బొమ్మ ఉన్న స్టిక్కర్లు అంటించారన్న ఫిర్యాదులు వార్తలకెక్కాయి. ఎక్కడో ఒక ప్రెస్సులో ఎవరో ఒకరు వేస్తేనే ఆ స్టిక్కర్లు వస్తాయి. ఎన్నికల కరపత్రం మీద అచ్చు వేసినవారి పేరు, చిరునామా ఉండాలని భారతదేశం, బ్రిటన్ వంటి దేశాల చట్టాలు చెబుతాయి. ఏం అచ్చు వేశామన్నదానికి మేము కూడా జవాబుదారులమనే కదా దాని అర్థం. సంచి మీద మా పేరు లేకపోయినా ఆ బాధ్యత పోదు.

పేరు లేని సంచులు కావలసిన వాళ్లకు, ఏ పార్టీవారైనా సరే, కూలి తీసుకోకుండా చేసిస్తాం. లోపల ఏమేమి ఉన్నాయో రాసిన చీటీ, మందుల వాడకం చీటీ, శిబిరాల్లో పెట్టే తప్పిపోయినవారి వివరాల ఫారాలు కూడా అంతే. అక్షరాలు పెద్దవిగా ఉండేలా చూస్తాం. కళ్లజోడు నీళ్లలో కొట్టుకుపోయినవాళ్లు కూడా చదవగలగాలి.

అచ్చు వేయని ఫ్లెక్సీ చుట్టలు కొన్ని మా దగ్గర ఉన్నాయి. రద్దయిన ఆర్డర్ల కోసం తెప్పించినవే. మా దగ్గర బైండింగు చేసే అతని ఇంటి పైకప్పు పోయింది. అతనికి ఇవ్వగా మిగిలినవి ముక్కలు కోసి అంచులకు రింగులు బిగించి శిబిరానికి పంపుతున్నాం. పైకప్పు మీద కప్పుకోవడానికి పనికొస్తాయి. ఇంకా కావలసినవాళ్లు వచ్చి తీసుకెళ్లండి, కొలత చెబితే కోసి ఉంచుతాం.

బైండింగు అతను పదిరోజులు సెలవులో ఉంటాడు. కాబట్టి బిల్లు పుస్తకాలు, రిజిస్టర్లు ఇచ్చినవారికి వారం ఆలస్యమవుతుంది. పెళ్లిపత్రికలు చెప్పిన రోజుకే ఇస్తాం. ఆగిపోయిన ఆర్డర్ల అడ్వాన్సులు శుక్రవారంలోగా మీ ఖాతాల్లో పడతాయి. పడకపోతే శనివారం ఉదయం నాకే ఫోను చేయండి.