2024-25 వార్షిక నివేదిక: ఈ ఏడాది అంతా జనరేటరే

గౌరవ సభ్యులకు నమస్కారం.

మన అపార్ట్‌మెంట్ సర్వసభ్య సమావేశంలో నివేదిక చదవాలి కాబట్టి రాస్తున్నాను. నీళ్ళు, చెత్త, వాచ్‌మన్ జీతం, సీసీ కెమెరాలు ఎప్పటిలాగే నడిచాయి. వాటి గురించి చెప్పడానికి కొత్తగా ఏమీ లేదు. కమిటీ పన్నెండు సార్లు కూర్చుంటే అందులో తొమ్మిది సార్లు మాట్లాడింది జనరేటర్ గురించే.

మన పాత జనరేటర్ 2009 అక్టోబరు వరదలో సెల్లార్‌లోనే మునిగిపోయింది. తుంగభద్ర, హంద్రీ నీళ్ళు కర్నూలు ఊళ్ళోకి వచ్చిన ఆ రోజులు అప్పటి సభ్యులు మర్చిపోలేరు. అందుకే 2016లో ఈ 62.5 కేవీఏ సామర్థ్యమున్నది కొన్నప్పుడు మూడడుగుల దిమ్మె కట్టి బయట పెట్టించాం. దిమ్మె ఎందుకు, దండగ ఖర్చు అని అప్పట్లో గొడవ చేసినవాళ్ళే ఇప్పుడు దాని మీద కూర్చుని సాయంత్రం కబుర్లు చెప్పుకుంటున్నారు. సంతోషం.

ఇక ఏప్రిల్ సంగతి. రాత్రి పదింటికి కరెంటు పోయింది. జనరేటర్‌ను దానంతటదే నడిపించే ప్యానెల్ మూడుసార్లు స్టార్ట్ చేయబోయి, ఎర్ర లైటు వెలిగించి ఊరుకుంది. 402 అమ్మగారు మనవడితో లిఫ్టులో ఇరుక్కుపోయారు. నేను టార్చి పట్టుకుని కిందికి పరిగెత్తాను. మీట నొక్కితే టిక్ టిక్ మంటోంది తప్ప ఇంజిన్ తిరగడం లేదు. బ్యాటరీ డౌన్. ఎందుకు డౌన్ అయిందో వెతికితే, బ్యాటరీ ఛార్జర్ ప్లగ్ పీకేసి ఆ సాకెట్‌లో ఎవరో ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగ్ పెట్టుకున్నారు. ఎన్ని రోజులుగా అలా ఉందో దేవుడికే తెలియాలి. 203 గారు తన కారు తెచ్చి జంపర్ కేబుల్స్ వేస్తే ఇరవై నిమిషాలకు స్టార్ట్ అయింది. లిఫ్టులోంచి బయటికొచ్చిన అమ్మగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటేనే బాగుండేది. ఇప్పుడు ఆ సాకెట్‌కు తాళం ఉంది. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

మర్నాడు వచ్చిన మెకానిక్ టర్మినళ్ళ మీద పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్ళతో కడిగి, వ్యాజిలిన్ రాశాడు. తర్వాత డీజిల్ ఫిల్టర్ కింద ఉన్న నీళ్ళ బుడ్డి విప్పి గాజు గ్లాసులోకి వంపితే అడుగున సగం గ్లాసు నీళ్ళు కనిపించాయి. బంకు నుంచి డీజిల్ తెచ్చే క్యాన్లోనే ఎవరో మొక్కలకు నీళ్ళు పట్టారట. దానికి తోడు ట్యాంకు ఎప్పుడూ సగం ఖాళీగానే ఉంచుతాం. ఆ ఖాళీలో తేమ చేరి నీరవుతుంది. ఇకమీదట ట్యాంకు నిండుగా ఉంచాలని తీర్మానించాం. డీజిల్ క్యాన్‌కు ఎర్ర రంగు కూడా వేయించాం.

ఆయిల్ మార్చినప్పుడు వచ్చిన వాదన కూడా ఇక్కడ రాయాలి. "ఏడాదికి వంద గంటలు కూడా తిరగని ఇంజిన్‌కు మళ్ళీ ఆయిల్ ఎందుకు?" అని ఇద్దరు సభ్యులు గట్టిగా అడిగారు. కంపెనీ పుస్తకంలో ఇన్ని గంటలు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది అని ఉంటుంది. నిలవున్న ఆయిల్‌లో తేమ, ఆమ్లం చేరి బేరింగులను తింటాయి. ఆ ఇద్దరూ తమ కార్లకు తిరిగినా తిరక్కపోయినా ఏటా సర్వీసు చేయిస్తారు. ఆ మాట మాత్రం నేను అప్పుడు అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

అసలు జబ్బు డిసెంబర్లో బయటపడింది. సైలెన్సర్ జాయింట్ల దగ్గర నల్లటి జిడ్డు కారుతోంది, పొగ నల్లగా వస్తోంది. మెకానిక్ చూసి, "దీనికేం రోగం ల్యా సార్, పని ల్యాక చెడిపోతాంది" అన్నాడు. 62.5 కేవీఏ అంటే 50 కిలోవాట్లు. మనం వాడేది లిఫ్టు, బోరు మోటరు, మెట్ల లైట్లు, ఫ్లాటుకో నాలుగు ఫ్యాన్లు. సగం ఇళ్ళలో ఇన్వర్టర్లు ఉన్నాయి కాబట్టి అదీ లేదు. మూడో వంతు లోడ్ (కరెంటు వాడకం) కూడా పడకపోతే ఇంజిన్ సరిగా వేడెక్కదు, డీజిల్ పూర్తిగా మండదు, ఆ మిగిలిందే మసిగా, జిడ్డుగా గొట్టాల్లో పేరుకుంటుంది. ప్రతి ఆదివారం ఐదు నిమిషాలు ఖాళీగా తిప్పి ఆపేయడం మంచిదని ఇన్నాళ్ళూ అనుకున్నాం. అదే దాన్ని ఇంకా చెడగొట్టిందట.

అలా వచ్చిందే ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగ్గ కార్యక్రమం. సంక్రాంతి తర్వాతి ఆదివారం పొద్దున "లోడ్ టెస్ట్" పెట్టాం. ఎలక్ట్రీషియన్ ఫ్లాట్ల పూర్తి లోడ్‌ను జనరేటర్ మీదకు మార్చాడు. మైకులో ఒక్కో అంతస్తునూ పిలుస్తూ గీజర్లు వేయించాం. జనరేటర్ కరెంటు మూడు ఫేజుల్లో (లైన్లలో) వస్తుంది, పూర్తి సామర్థ్యానికి ఫేజుకు 87 ఆంపియర్లు. గీజర్ల లోడ్‌కు ఆంపియర్లు తక్కువ చూపించినా ఇంజిన్ మీద బరువు పూర్తిగా పడుతుందని మెకానిక్ 55 దగ్గరే ఆపమన్నాడు. అంటే 18 గీజర్లు. మొదట ఆ మూడింటిలో వై ఫేజ్ మీద ఒక్కదాని మీదే లోడ్ పైకెక్కింది, మూడో అంతస్తు వాళ్ళను గీజర్లు కట్టేయమని బతిమాలాల్సి వచ్చింది. పదిహేను నిమిషాలకు నీళ్ళు కాగి గీజర్లన్నీ వాటంతటవే ఆగిపోయాయి, మీటరు ముల్లు దబ్బున పడిపోయింది. ఈ సంగతి మా ఎవరికీ తట్టలేదు! అప్పుడు మళ్ళీ మైకులో, "అమ్మా, కొళాయిలు తిప్పండి, బకెట్లు పట్టండి" అని కేకలు. రెండు గంటల పాటు మొత్తం అపార్ట్‌మెంట్ స్నానాలు చేసింది, దుప్పట్లు ఉతికింది. మొదటి అరగంట పొగ చూసి పక్క బిల్డింగ్ వాళ్ళు ఫైరింజన్‌కు ఫోన్ చేయబోయారు. తర్వాత పొగ పలచబడి, చివరికి గొట్టం పైన వేడిగాలి మాత్రమే కనబడింది. మహిళా సభ్యులు చేసిన ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు పదింటికల్లా అయిపోయాయి.

ఆ ఉగ్గాణి చేసిన నలుగురు మేడమ్‌లకు, కారు తెచ్చిన 203 గారికి, మైకు ఇచ్చిన 104 గారికి, ఏ వేళ పిలిచినా బళ్ళారి చౌరస్తా నుంచి వచ్చే మెకానిక్‌కు, ఆంపియర్లు నోటుబుక్కులో రాసిన పిల్లలకు, వాచ్‌మన్ దంపతులకు కమిటీ తరఫున కృతజ్ఞతలు. ట్రెజరర్ గారి పేరు వేరుగా చెప్పాలి, ఎందుకంటే జనరేటర్ డ్యూటీకి పేర్లిచ్చిన ఆరుగురిలో జూన్ తర్వాత కనిపించింది ఆయనొక్కరే. మిగతా ఐదుగురూ వాట్సాప్‌లో మాత్రం రోజూ గుడ్ మార్నింగ్ చెబుతున్నారు.

పద్దుల కాపీ నోటీసు బోర్డులో ఉంది. డీజిల్, సర్వీసు, కొత్త బ్యాటరీ కలిపి అనుకున్నదానికంటే ఎక్కువైంది, కార్పస్ (మూలనిధి) నుంచి సర్దాం. లీటరు డీజిల్‌కు వచ్చేది మూడు, మూడున్నర యూనిట్లే. ఆయిల్, సర్వీసు కలపకుండానే యూనిట్ ముప్పై రూపాయల దాకా పడుతోంది. జనరేటర్ మీద ఏసీ వేస్తామనే వాళ్ళు ఈ లెక్క చూసుకోవాలి. ఆడిటర్ గారు సంతకం పెట్టారు. బాకీ ఉన్న ఫ్లాట్ల నంబర్లు ఇక్కడ రాయడం లేదు, వాళ్ళకు తెలుసు.

మిగిలిపోయిన పనులు. పొగ గొట్టం బిల్డింగ్ ఎత్తుకు పైన, మన జనరేటర్ సైజుకు, ఇంకో 1.6 మీటర్లు ఉండాలి. మనది నాలుగో అంతస్తు బాల్కనీ పక్కనే ఆగిపోయింది. కొటేషన్ తెచ్చాం, నిర్ణయం మీదే. ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడ్ ఎక్కువైందని కరెంటు ఆఫీసులో మూడు అర్జీలు పెట్టాం. మూడుసార్లూ "పై ఆఫీసుకు పంపాం" అన్నారు. ఆ పై ఆఫీసు ఎంత పైన ఉందో తెలియడం లేదు. ఇంకొకటి: ఒక సభ్యుడు బాల్కనీలో సొంతంగా చిన్న జనరేటర్ పెట్టి, రెండు వైపులా పిన్నులున్న వైరుతో ఇంటి సాకెట్‌కే కలిపారు. మెయిన్ కట్టేయకపోతే ఆ కరెంటు బయటి లైనులోకి వెళ్ళి, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. దాని పొగ ఇంట్లోకి వస్తే ఇంట్లో వాళ్ళ ప్రాణమూ పోతుంది. తీయించేశాం. మొహమాటపడలేదు.

కొత్తది కొందామన్న సూచన కూడా వచ్చింది. 2023 జూలై నుంచి కొత్త జనరేటర్లు కాలుష్య నియంత్రణ మండలి నాలుగో దశ ప్రమాణాలకు తగ్గట్టు ఉండాలి. పొగ తక్కువే గానీ ధర బాగా ఎక్కువ. ఉన్నదాన్నే ఇంకొన్నేళ్ళు లాగుదామని కమిటీ అభిప్రాయం.

ఇకపై ప్రతి నెలా మొదటి ఆదివారం అరగంట లోడ్ మీద తిప్పుతాం. డ్యూటీ కాగితం లిఫ్టు పక్కన అంటించాం. పన్నెండు గడులున్నాయి, ప్రస్తుతానికి రెండు నిండాయి. పెన్ను దారంతో కట్టి ఉంచాం, దయచేసి తీసుకెళ్ళకండి.

ఇట్లు,
కార్యదర్శి