మందు తాగి మాయమైనవాడు కాదండీ

అయ్యా,

పోయిన ఆదివారం అనుబంధంలో అమెరికా నవలల మీద మీరు వేసిన వ్యాసం గురించి ఇది. సవరణ వస్తుందేమోనని ఇన్నాళ్లూ చూశాను. రాలేదు.

రాల్ఫ్ ఎలిసన్ నవల 'ఇన్విజిబుల్ మ్యాన్' (1952) మందు కనిపెట్టి మాయమైపోయిన శాస్త్రవేత్త కథ అట! పక్కన ముఖానికి కట్లు, నల్లకళ్లద్దాలతో బొమ్మొకటి. ఆ శాస్త్రవేత్త కథ ఇంచుమించు ఇదే పేరుతో హెచ్.జి. వెల్స్ 1897లో ఇంగ్లండులో రాసిన నవల. ఎలిసన్ కథానాయకుడు మాయమవడానికి ఏ మందూ తాగనక్కర్లేదు, నల్లవాడిగా పుడితే చాలు. ఎదురుగా నిలబడ్డా జనం అతన్ని చూడరు, నల్లవాళ్ల గురించి తాము అనుకున్నదే చూస్తారు. నవల అయిపోయినా అతని పేరేమిటో మనకు తెలియదు.

మొదటి అధ్యాయం తిరగేసినా ఈ తప్పు జరిగేది కాదు. బాగా చదివే కుర్రాణ్ణి ఊరి తెల్ల పెద్దలు ప్రసంగానికి పిలుస్తారు. ముందు కళ్లకు గంతలు కట్టి, తోటి నల్ల కుర్రాళ్లతో కొట్టుకోమంటారు. కరెంటు పెట్టిన తివాచీ మీద డబ్బులు ఏరుకోమంటారు. నోట్లో నెత్తురు మింగుతూ ప్రసంగం పూర్తిచేస్తే అప్పుడు స్కాలర్‌షిప్పు! తర్వాత కాలేజీ నుంచి వెళ్లగొట్టి, సిఫారసు ఉత్తరాలంటూ సీలు వేసి చేతికిచ్చేది కూడా ఓ నల్లజాతి పెద్దమనిషే. లోపల రాసింది మాత్రం, వీణ్ణి ఆశపెట్టి తిప్పుతూ ఉండమని. ఇందులో సైన్స్ ఫిక్షన్ ఎక్కడుందండీ?

2013లో నార్త్ కరోలినాలోని రాండాల్ఫ్ కౌంటీ స్కూలు బోర్డు ఈ నవలను లైబ్రరీల్లోంచి తీసేయించింది. గోల రేగాక పది రోజుల్లోపే వెనక్కి తగ్గింది. ఏ పుస్తకాన్ని తీసేస్తున్నారో వాళ్లకు కనీసం తెలుసు.

ఒకప్పుడు పత్రికల్లో రాసేవాళ్లు చదివి రాసేవారు, రాసింది ఇంకొకరు చూసేవారు. ఇప్పుడు గూగుల్లో మొదట కనిపించింది దించేయడమే. యూనివర్సిటీలు మాత్రం ఏం తక్కువ తిన్నాయి? అధ్యాపకుల ఖాళీలు ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి, ఎం.ఏ. ఇంగ్లీషు పిల్లలు గైడ్లతో గట్టెక్కుతారు. రేపు ఎవరైనా మీ వ్యాసం చూసి పరీక్షలో ఇదే రాస్తే మార్కులు పడ్డా పడతాయి.

సవరణ వేసే ఉద్దేశముంటే అదే అనుబంధంలో, బొమ్మ వేసినంత చోటులో వేయండి. లోపలి పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో వద్దు.

– ఒక పాత చందాదారు, తెనాలి