ఓక్ చెట్ల పని: అక్టోబర్ నుంచి జూన్ దాకా జమా ఖర్చులు

అందరికీ నమస్కారం. ఇక్కడ ఒరెగాన్‌లో మనవాళ్ళం చందాలేసుకుని పాత ఓక్ చెట్లని కాపాడే పని చేస్తున్నాం కదా, దాని లెక్కలివి. ఈ లెక్కలు ఉగాదికే పెట్టాల్సింది, లేటయింది, తప్పు నాదే.

జమ: హిల్స్‌బరో, బీవర్టన్ వైపు 41 కుటుంబాలు ఇచ్చింది 3,280 డాలర్లు, సంక్రాంతికి పెట్టిన పునుగుల స్టాల్‌లో సరుకులు పోను మిగిలింది 615, పాత బ్యాలెన్స్ 145. మొత్తం 4,040.

ఖర్చుల్లో పెద్దది 1,900, డగ్లస్ ఫర్ అనే సూదాకు చెట్లు కొట్టించిన కూలి. చెట్లు కాపాడతామని వసూలు చేసి చెట్లు కొట్టించారేంటి అని చాలామంది అడిగారు, అడగాల్సిందే. ఈ విల్లామెట్ లోయలో ఇక్కడి ఆదివాసులు కలపూయా జనం తరతరాలుగా గడ్డికి నిప్పు పెట్టేవాళ్ళు, ఒరెగాన్ వైట్ ఓక్ బెరడు మందం కాబట్టి తట్టుకునేది, ఫర్ మొక్కలు మాడిపోయేవి. తెల్లవాళ్ళు వచ్చి స్థిరపడ్డాక ఆ మంటలు ఆగిపోయాయి, ఫర్‌లు ఓక్‌ల నెత్తికెక్కి ఎండ లేకుండా చేశాయి. మన సైట్‌లో గేటు పక్క ఓక్ చూడండి, కింద కొమ్మలన్నీ ఎండిపోయి పైన గొడుగంత ఆకు మిగిలింది.

లాపర్లు (కొమ్మలు కత్తిరించే పెద్ద కత్తెరలు), గ్లోవ్స్ 420. బ్లాక్‌బెర్రీ ముళ్ళపొదలు తియ్యడానికి. ఈ పొద పేరుకే హిమాలయన్ బ్లాక్‌బెర్రీ, నిజానికి ఆర్మేనియా వైపుది. గ్లోవ్స్ ఇద్దరం రెండుసార్లు కొన్నాం, ఒక సెట్టు వాపసు ఇచ్చేశాం, 420 అది తీసేసిన లెక్కే.

కొత్త ఓక్ మొలకల చుట్టూ పెట్టే ట్యూబులు, కర్రలు 560, లేకపోతే మొలకని జింకలు తినేస్తాయి. పాతిన ఓక్ కాయలు ఏరుకున్నవే, ఖర్చు లేదు. వాటిని బకెట్ నీళ్ళలో వేస్తే పురుగు తొలిచినవి తేలతాయి, వడ్లలో తాలు తీసినట్టు తీసేసి మునిగినవే పాతాం.

కమాస్, యారో అనే పూల మొక్కల విత్తనాలు, గడ్డి విత్తనాలు 680. ఈ పని ఫెండర్స్ బ్లూ అనే అరుదైన సీతాకోకచిలుక కోసం అన్నారుగా, మరి దానికి కావాల్సిన లూపిన్ మొక్క ఏది అని ఒకరు అడిగారు. 1937 తర్వాత లేదనుకున్న ఆ సీతాకోకచిలుక 1989లో మళ్ళీ కనపడింది, దాని గొంగళిపురుగు ముఖ్యంగా తినేది కింకెయిడ్స్ లూపిన్, అది కూడా ఫెడరల్ రక్షణలో ఉన్న మొక్కే, మనం షాపులో కొని చల్లేది కాదు. లూపిన్ విషయంలో చోటు ఖాళీ చెయ్యడం వరకే మన పని.

టీ, పులిహోర 190. ఒక 35 డాలర్ల రసీదు పోయింది, ఆ డబ్బు నా జేబులోంచే పెట్టుకున్నా, ఇందులో కలపలేదు.

మొత్తం ఖర్చు 3,750, మిగిలింది 290, అకౌంట్‌లోనే ఉంది. మిగతా రసీదులన్నీ ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. పెద్ద లాపర్ ఒకటి ఎవరి గరాజ్‌లోనో ఉండిపోయింది, కాస్త వెతికి తెచ్చివ్వండి.