గంట ఆట అన్నాను, టైమర్ పెడితే 18 నిమిషాలే

మన బెంగళూరు మారతహళ్లి ప్లేస్కూల్ అమ్మానాన్నలందరికీ నమస్కారం.

అడ్మిషన్ రోజున "రోజూ గంట సేపు బయట ఆట" అని మీకు చెప్పింది నేనే. పోయిన వారం ఫోన్‌లో టైమర్ పెట్టుకుని గేటు దగ్గర కూర్చున్నాను. నాలుగేళ్ల పిల్లలు నిజంగా ఉరికిందీ ఎగిరిందీ 18 నిమిషాలు. మిగతాదంతా షూ వేసుకోవడం, వరుసలో నిలబడటం, వాటర్ బాటిల్ వెతుక్కోవడం. అన్నిటికన్నా ఎక్కువ టైమ్ మింగింది జారుడుబల్ల. ఉన్నది ఒకటి, పిల్లలు 20 మంది. జారేది మూడు సెకన్లు, వంతు కోసం నిలబడేది మూడు నిమిషాలు. ఫోటోల్లో బాగుంటుందని 40 వేలు పోసి కొన్నదీ నేనే.

మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాల కదలిక కావాలని, అందులో గంటైనా ఆయాసం వచ్చేంత ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీరు ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్ దాటి ఇల్లు చేరేసరికి చీకటి. అంటే ఆ 180లో పెద్ద వాటా మాదే.

సోమవారం నుంచి 35 నిమిషాల ఆట రెండుసార్లు. జారుడుబల్లను గోడవారకు జరిపి, ఆ చోట ముగ్గుపిండితో తొక్కుడుబిళ్ల గళ్లు గీశాం. మా ఆయా దాన్ని కుంటెబిల్లె అంటుంది, పిల్లలు రెండు పేర్లూ కలిపి అరుస్తున్నారు. ఒప్పులకుప్ప, నేల-బండ లాంటివే ఎక్కువ ఆడిస్తాం, వాటికి వంతుల బాధ లేదు. వానొస్తే టీవీలో రైమ్స్ పెట్టి కూర్చోబెట్టేవాళ్లం, అదీ ఒప్పుకుంటున్నాను. ఇకమీదట హాల్లో బల్లలు పక్కకి నెట్టి కప్పగంతులు.

ఇందుకోసం రాత పుస్తకం అరగంట తీసేశాను. "ఎల్‌కేజీ సీటుకి వెళ్తే ఏబీసీడీలు రాయమంటారు కదండీ" అని ఇద్దరు అప్పుడే అడిగారు. నిజమే, అడిగే స్కూళ్లున్నాయి. కానీ పెన్సిల్ నిలవాలంటే ముందు భుజం, చెయ్యి గట్టిపడాలి. పాకడం, వేలాడటం, బంతి విసరడం ఆ పనే చేస్తాయి. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఈ వయసుకి ఆటతోనే చదువు అంటోంది. అయినా రాత లేకపోతే కుదరదనుకునేవాళ్లు చెప్పండి, మిగిలిన రోజుల ఫీజు వెనక్కిస్తాను. నాకేం కోపం ఉండదు.

రెండో ఆయాని పెట్టుకున్నా జూన్ దాకా ఫీజు పెంచను. ఆ తర్వాత సంగతి ఇప్పుడే మాటివ్వలేను.

మోకాళ్లు గీసుకుపోతాయి. డైరీలో రాస్తాం, పెద్దదైతే ఫోన్ చేస్తాం. ఒక్క సాయం చేయండి: లేసుల షూ వద్దు, పిల్లలే వేసుకోగలిగే వెల్‌క్రోవి పంపండి. లేసులు కట్టడానికే రోజూ ఏడు నిమిషాలు పోతున్నాయి.