ఆ రాత్రి మా తలుపు తట్టినవారికి

మీ పేరు అడగలేకపోయాను. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

వరద హెచ్చరిక నా ఫోనుకు సాయంత్రమే వచ్చింది. చదివి పక్కన పెట్టాను. మంచం దిగలేని అమ్మను ఎలా తరలించాలో అందులో లేదు మరి. చీకటి పడ్డాక మీరు వచ్చి, చేతిలోని నోటుపుస్తకం చూసి, "మీ ఇంట్లో నడవలేని పెద్దావిడ ఉన్నారు కదా, వాహనం వీధి చివర ఉంది" అన్నారు. అమ్మ మందుల సంచి కూడా మీరే గుర్తుచేశారు.

ఆ పుస్తకం సంగతి తర్వాత తెలిసింది. వానలు మొదలవకముందే మీరూ మీ మిత్రులూ ఇల్లిల్లూ తిరిగి, ఎవరు నడవలేరు, ఎవరు గర్భిణి, ఎవరికి ఆక్సిజన్ అవసరం అని రాసుకుని ఆ జాబితాను కంట్రోల్ రూముకు ఇచ్చారట. నది మట్టం అధికారులకు తెలుసు. ఏ గదిలో ఎవరు పడుకున్నారో మీకు తెలుసు. ఆ రెండూ కలిశాయి కాబట్టే అమ్మ నా కళ్లముందు ఉంది. 2015లో జపాన్‌లోని సెండాయ్‌లో ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలు ఒప్పుకున్న, విపత్తుల ముప్పు తగ్గించే ప్రణాళిక, 2030 నాటికి ముందస్తు హెచ్చరికలు ప్రజలకు మరింత అందుబాటులోకి రావాలంటుంది. అందుబాటు అంటే ఏమిటో నాకు ఆ రాత్రే అర్థమైంది.

దగ్గరి దారి వదిలి చుట్టుదారిన తీసుకెళ్లినప్పుడు మిమ్మల్ని విసుక్కున్నాను. క్షమించండి. వేగంగా పారే నీరు రెండడుగులున్నా చాలా వాహనాలను లాక్కుపోతుందని అప్పుడు నాకు తెలియదు.

అమ్మ మీ గురించి అడుగుతూనే ఉంది. ఈసారి వివరాలు సేకరించేటప్పుడు మా వీధి నాకు వదిలేయండి. నోటుపుస్తకం కొనిపెట్టుకున్నాను.